అడవిలోని బొచ్చు జంతువులు: వాని ఆవాసము, సంరక్షణ

ప్రస్తావన

చలిదేశముల యందు మానవుడు తన దేహమును కాపాడుకొనుటకు తొలుత ఆశ్రయించినది తోటి జంతువుల చర్మములనే. మెత్తని, దట్టమైన రోమములు గల ఆ చర్మములు కాలక్రమమున అవసర వస్తువులుగా గాక, ఐశ్వర్యమునకు చిహ్నములుగా మారినవి. రాజులు వానిని ధరించిరి. వర్తకులు వానికై మంచు ఎడారులను దాటిరి. ప్రభుత్వములు వానిని పన్నుగా వసూలు చేసినవి. విలువైన చర్మము కలిగియుండుటయే ఆ మూగజీవులకు శాపమైనది.

మన కళాశాలలో ఉర్దూ పఠించు సోదర సోదరీమణులకు సమూర్, ఖాఖుమ్, సంజాబ్ అను పదములు క్రొత్తవి కావు. ఇవి వస్త్రముల పేర్లని చాలమంది తలంతురు. కాని ఇవి మూడును జంతువుల పేర్లే. సమూర్ అనగా సైబీరియా అడవులలోని సేబుల్. ఖాఖుమ్ అనగా శీతకాలమున తెల్లబడు ఎర్మిన్. సంజాబ్ అనగా ఉత్తర దేశపు బూడిదవన్నె ఉడుత. క్రీ. శ. 922లో వోల్గా నదీతీరమునకు రాయబారముతో వెళ్ళిన ఇబ్న్ ఫద్లాన్ అచ్చటి సేబుల్ చర్మముల వ్యాపారమును వర్ణించెను. పదునాలుగవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇబ్న్ బతూతా, ఖాఖుమ్‌తో చేసిన పైవస్త్రము హిందూదేశమున వేయి దీనారములు పలుకునని వ్రాసెను. కావున ఎక్కడో మంచులో తిరుగు ఒక చిన్న జంతువునకును మన దేశపు దర్బారులకును నాటి నుండియే సంబంధము కలదు.

ఈ జంతువులు బ్రతుకుటకు అడవిలో ఏమేమి కావలెను? వేట వలనను, చెట్లు నరుకుట వలనను వానికి కలుగు నష్టమెట్టిది? వానిని కాపాడుటకు మానవుడు చేసిన యత్నములలో ఏవి ఫలించినవి, ఏవి విఫలమైనవి? ఈ ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతము. మనకు అలవాటులేని దేశముల కథయే అయినను, దీని నుండి మనము నేర్చుకొనవలసిన పాఠము మన ప్రహరీగోడ వరకును వచ్చునని చివరకు తెలియగలదు.

బొచ్చు జంతువులనగా నెవ్వి?

క్షీరదములన్నిటికి రోమములుండును. అయితే ఎవని చర్మము రోమములతో కూడ వ్యాపార విలువ కలిగియున్నదో వానినే వన్యప్రాణి శాస్త్రజ్ఞులు బొచ్చు జంతువులని వ్యవహరింతురు. అట్టి చర్మమున రెండు పొరల రోమములుండును. లోపలి పొర పొట్టిగా, నూగువలె దట్టముగా నుండి, తన మధ్య గాలిని బంధించి దేహపు వేడిని పోనీయదు. పైపొర పొడవుగా, నునుపుగా నుండి మంచును, తేమను లోనికి రానీయదు. పగటికాలము తగ్గుచుండగా జంతువు వేసవి రోమములను రాల్చి శీతకాలపు రోమములను పెంచుకొనును. అందువలననే చర్మము శీతకాలమున శ్రేష్ఠముగా నుండును. వేటగాండ్రును ఆ కాలమందే అడవిలో ప్రవేశింతురు.

ఇట్టి జంతువులు పెక్కు గలవు గాని, దట్టమైన అడవిని విడిచి బ్రతుకలేని మూడింటిని మనము ఉదాహరణగా గైకొందము. మొదటిది ఉత్తర అమెరికాలోని మార్టెన్. ఇది అరకిలో మొదలు ఒకటిన్నర కిలోల లోపు బరువుండును. రెండవది దాని సైబీరియా బంధువగు సేబుల్. మూడవది వీనికంటె పెద్దదగు ఫిషర్. ఇందు మగది సుమారు 3.5 కిలోల నుండి 5.5 కిలోల వరకు, ఆడది 2 నుండి 2.5 కిలోల వరకు తూగును. ఫిషర్ అనగా ఆంగ్లమున చేపలు పట్టునదని అర్థమైనను, ఈ జంతువు చేపలు పట్టునది కాదు. ఈ మూడును చూపునకు మన ముంగిసను పోలియున్నను ముంగిసకు బంధువులు కావు. మన నదులలోని నీటికుక్క ఏ కుటుంబమునకు చెందినదో ఆ మస్టెలిడే కుటుంబమునకే ఇవి చెందును.

ఆవాసమునకు కావలసిన అంగములు

ఆవాసమనగా కేవలము చోటు గాదు. ఆహారము, ఆశ్రయము, పిల్లలను కనుటకు తగిన స్థలము, భయము లేకుండ సంచరించుటకు దారి: ఈ నాలుగును ఒక్కచోట సమకూడిననే అది ఆవాసమనిపించుకొనును. ఒక్కొక్క దానిని విడివిడిగా చూతము.

ఆహారము: మార్టెన్‌కు ప్రధానాహారము వోల్ అనబడు పొట్టితోక ఎలుకలు. వీనితో పాటు ఉడుతలను, కుందేళ్ళను, పక్షులను, వేసవిలో అడవి పండ్లను కూడ తినును. సేబుల్ ఎలుకలతో పాటు సైబీరియా పైన్ వృక్షపు గింజలను ఇష్టముగా తినును. ఆ గింజలు బాగుగా పండిన యేడు ఎలుకలును పెరుగును, సేబుల్ కడుపును నిండును. ఫిషర్ కుందేళ్ళను వేటాడును. అంతేగాక అన్యజంతువులు దగ్గరకు పోవుటకే భయపడు ముళ్ళపందిని సైతము ఇది చంపగలదు. ముళ్ళపంది ముఖమునకు ముళ్ళుండవు. ఫిషర్ చుట్టును తిరుగుచు ఆ ముఖము మీదనే మరల మరల దెబ్బతీయును.

ఆశ్రయము: ఇచ్చట నొక విచిత్రము గలదు. ఇంత చలిలో తిరుగు మార్టెన్‌కు దేహమున కొవ్వు మిక్కిలి తక్కువ. దాని దేహము సన్నగా, పొడవుగా నుండుట వలన బరువుతో పోల్చినచో చర్మపు వైశాల్యము ఎక్కువ. వేడి త్వరగా పోవును. కాబట్టి ఎంత మంచి బొచ్చు ఉన్నను, విశ్రాంతికి వెచ్చని చోటు లేనిదే అది శీతకాలమును గడుపజాలదు. ఆ వెచ్చని చోటు ఎక్కడ? మంచు క్రింద. లోతైన మంచుపొర దుప్పటివలె పనిచేయును. పైన గాలి సున్నకు ముప్పది డిగ్రీలు దిగువనున్నను, మంచు క్రింద నేలను ఆనియున్న చోట ఉష్ణోగ్రత సున్నకు దగ్గరగా నుండును. ఎలుకలును అచ్చటనే తిరుగును.

అయితే గట్టిపడిన మంచులోనికి దిగుట ఎట్లు? పడిపోయిన మానులు, ఏటవాలుగా వాలిన దుంగలు, పెల్లగిల్లిన వేళ్ళ గుబురులు మంచు నుండి పైకి పొడుచుకొనివచ్చును. వాని ప్రక్కన ఏర్పడు ఖాళీలే మార్టెన్‌కు ద్వారములు. ఆ ద్వారము గుండ దిగి అది ఎలుకలను పట్టును. అచ్చటనే కుళ్ళిన దుంగలో నిదురించును. కనుక వంటచెరకునకు తప్ప మరి దేనికిని పనికిరాదని మనము తలచు పడిన మాను, ఆ జంతువునకు వంటశాలయు, పడకగదియు, వాకిలియు అగుచున్నది.

ప్రసవ స్థలము: మార్టెన్, ఫిషర్ ఆడజంతువులు చెట్టుతొర్రలలో పిల్లలను కనును. ఇట్టి తొర్ర ఒక దినమున ఏర్పడునది కాదు. తొలుత కొమ్మ విరిగియో, పిడుగు పడియో చెట్టునకు గాయమగును. ఆ గాయము ద్వారా శిలీంధ్రము ప్రవేశించి లోపలి చేవను మెల్లమెల్లగా కుళ్ళించును. వడ్రంగి పిట్ట తొలుచును. బయటి భాగము గట్టిగా నిలిచి, లోపల డొల్ల ఏర్పడుటకు పెక్కు దశాబ్దములు పట్టును. అందులో ఒక తల్లియు, పిల్లలును ఇమిడియుండవలెనన్నచో చెట్టు బాగుగా లావైనదిగా నుండవలెను. చిన్న చెట్ల తోటలో ఎన్ని వేల చెట్లున్నను అట్టి తొర్ర ఒక్కటియు దొరకదు.

సంచార స్థలము: శరీర పరిమాణముతో పోల్చినచో ఈ జంతువులకు కావలసిన నేల చాల ఎక్కువ. పిల్లికంటె చిన్నదగు మార్టెన్ కొన్ని చదరపు కిలోమీటర్ల అడవిని తనదిగా నుంచుకొనును. మగదాని ప్రదేశము ఆడదాని దానికంటె రెండు మూడు రెట్లు పెద్దది. అంతేగాక ఇది బయలు ప్రదేశమునకు వెరచును. పైన ఆకుల పందిరి లేని చోట గ్రద్దలు, గుడ్లగూబలు, నక్కలు, కొయోటీలు దీనిని పట్టుకొనును. అమెరికాలోని యూటా రాష్ట్రపు అడవులలో జరిగి 1999లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఒక ముఖ్య విషయము బయటపడెను. ఒక ప్రాంతమున సుమారు నాలుగవ వంతు బయలైనచో, మిగిలిన ముప్పాతిక అడవి ఒకదానితో నొకటి కలిసియున్నను మార్టెన్‌లు దాదాపు కనబడకుండ పోయినవి. నాలుగవ వంతు అడవి పోయినచో నాలుగవ వంతు జంతువులు పోవునని మన సామాన్య గణితము చెప్పును. ప్రకృతి గణితము అట్లు నడువదు.

సంతానము: ఒక చిన్న లెక్క

మార్టెన్ వేసవిలో, అనగా జూలై, ఆగస్టు మాసములలో జతగూడును. ఫలదీకరణము చెందిన పిండము వెంటనే గర్భాశయపు గోడకు అంటుకొనదు. అది కొన్ని మాసములు నిద్రావస్థలో నుండి, ఫిబ్రవరి, మార్చి ప్రాంతమున అంటుకొని, పిదప నెలరోజులలోపే పిల్లగా పుట్టును. దీనిని ఆలస్య ప్రతిస్థాపన అందురు. సేబుల్, ఫిషర్‌లయందును ఇట్లే జరుగును. దీని ప్రయోజనము స్పష్టము. జతగూడుట ఆహారము సమృద్ధిగా నున్న కాలమందును, పిల్లలు పుట్టుట వసంత ప్రారంభమందును జరుగుట వలన, పిల్లలు మరల చలి వచ్చులోపల పెరిగి పెద్దవగును.

అయితే ఆడ మార్టెన్ తొలి కాన్పు సాధారణముగా రెండేండ్ల వయస్సున జరుగును. ఏడాదికి ఒకే కాన్పు. కాన్పునకు సగటున మూడు పిల్లలు. ఎలుకవలె, కుందేలువలె త్వరత్వరగా వృద్ధి పొందు జాతి గాదు.

ఇప్పుడు మన తరగతిగదిలో వేయదగిన యొక లెక్కను ఊహింతము. ఒక లోయలో అరువది చదరపు కిలోమీటర్ల మంచి అడవి కలదనుకొందము. ఒక్కొక్క ఆడజంతువునకు మూడు చదరపు కిలోమీటర్లు కావలెననుకొన్నచో, అందు ఇరువది ఆడజంతువులకు మించి ఉండజాలవు. వేటగాండ్రు ఒక శీతకాలమున అందు పండ్రెండింటిని పట్టినచో మిగిలినవి ఎనిమిది. అవి కన్న పిల్లలలో సగము ఆడవి. అందు కొన్ని తొలి శీతకాలము గడువకముందే చనిపోవును. బ్రతికినవి కనుటకు రెండేండ్లు పట్టును. కావున ఒక్క చలికాలపు దురాశను పూడ్చుటకు పెక్కు సంవత్సరములు కావలెను. ఇది ఊహించిన లెక్కయే. కాని దీని వెనుకనున్న న్యాయము నిజమైనది.

సేబుల్ కథ

ఈ న్యాయమును తెలియక పోయినందున ఏమి జరిగెనో సైబీరియా చరిత్ర చెప్పును. 1581 ప్రాంతమున యెర్మాక్ అను కొసక్కు నాయకుడు ఉరల్ పర్వతములను దాటెను. అరువది సంవత్సరముల లోపుననే, 1639లో రష్యనులు పసిఫిక్ సముద్రతీరమును చేరిరి. ఇంత విశాలమైన భూభాగమును ఇంత త్వరగా ఆక్రమించుటకు వారిని ముందుకు లాగినది ప్రధానముగా సేబుల్ చర్మమే. ఒక లోయలో సేబుల్ తరిగిపోయినంతనే మరియొక లోయకు కదలిరి. సైబీరియా ఆదిమజాతుల వారిపై యాసక్ అను పన్ను విధింపబడెను. దానిని చర్మముల రూపమున చెల్లింపవలసి యుండెను. జంతువునకు కలిగిన కష్టము ఆ అడవి మానవునకును కలిగెను.

ఇరువదవ శతాబ్దపు ప్రారంభమునకు సేబుల్ అంతరించిపోవునేమోయను భయము ఏర్పడెను. రష్యా ప్రభుత్వము 1912లో ఒక శాసనము చేసి, 1913 ఫిబ్రవరి నుండి 1916 అక్టోబరు వరకు సేబుల్ వేటను నిషేధించెను. 1914లో దొప్పెల్‌మాయిర్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున నొక బృందము బైకాల్ సరస్సు ఈశాన్య తీరమునకు వెళ్ళి సేబుల్ జీవనమును పరిశీలించెను. దాని ఫలితముగా 1916 సంవత్సరాంతమున బర్గుజిన్ అభయారణ్యము స్థాపింపబడెను. సోవియట్ ప్రభుత్వము 1935లో మరల అయిదేండ్లు వేటను నిలిపివేసెను. పిదప సేబుల్ అంతరించిన ప్రాంతములకు ఇతర ప్రాంతముల నుండి వేల సంఖ్యలో జంతువులను తెచ్చి విడిచిరి. నేడు సేబుల్ ప్రమాదస్థితిలోనున్న జాతి కాదు. పరిమితికి లోబడి దాని వేట ఈనాటికిని సాగుచునే యున్నది.

ఈ విజయమునకు కారణములు మూడు: వేటను నిలుపుట, అడవిని చెక్కుచెదరకుండ ఉంచుట, పోయిన చోట జంతువును మరల నెలకొల్పుట. అయితే ఈ కథకు రెండవ ముఖము కూడ కలదు. బర్గుజిన్ అభయారణ్యము ఏర్పడినపుడు తరతరములుగా అచ్చట నివసించుచున్న షెమగిర్ ఎవెంకీలు తమ నేలను విడిచి పోవలసివచ్చెను. పన్ను పేర చర్మములు లాగికొన్నదియు వారి నుండియే. రక్షణ పేర నేలను లాగికొన్నదియు వారి నుండియే. సంరక్షణ చేయువారు ఈ సంగతిని మరువరాదు.

నిషేధము మాత్రమే చాలునా?

చాలదని కెనడాకు తూర్పుననున్న న్యూఫౌండ్‌లాండ్ ద్వీపపు అనుభవము చెప్పుచున్నది. అచ్చట 1934లోనే మార్టెన్ వేట నిషేధింపబడెను. వేట నిలిచినది గనుక జంతువులు వృద్ధిచెందునని ఎవరైనను ఆశింతురు. కాని అట్లు జరుగలేదు. కాగితపు పరిశ్రమకై ప్రాచీనమైన అడవులను నరుకుచుండిరి. అంతేగాక కుందేళ్ళకై పన్నిన తీగ ఉచ్చులలో మార్టెన్‌లు చిక్కి చనిపోవుచుండెను. అరువది యేండ్ల నిషేధము తరువాత, 1996లో, ఆ మార్టెన్‌ను తీవ్ర ప్రమాదములోనున్న జీవిగా ప్రకటింపవలసి వచ్చెను.

పిదప నరుకకుండ కొన్ని అడవులను విడిచిపెట్టిరి. కుందేలు చిక్కినచో నిలుచునట్టియు, మార్టెన్ చిక్కినచో తెంచుకొని పోగలుగునట్టియు తీగను వాడవలెనని నియమము చేసిరి. కుందేటి మాంసముపై ఆధారపడిన పేదవాని నోటి కూడు తీయకుండ, మార్టెన్ ప్రాణమును కాపాడిన ఉపాయమిది. క్రమముగా స్థితి మెరుగై, 2007లో ప్రమాదపు శ్రేణిని ఒక మెట్టు తగ్గించిరి. చట్టము గోడవంటిది, ఆవాసము ఇల్లువంటిది. ఇల్లు లేనిచోట గోడ ఎవరిని కాపాడును?

ఫిషర్ తిరిగివచ్చుట

అమెరికా ఈశాన్య రాష్ట్రములలో వేట వలనను, అడవుల నరుకుడు వలనను ఫిషర్ చాలచోట్ల నశించెను. అంతట ముళ్ళపందులు విపరీతముగా పెరిగి, చెట్ల బెరడును తినివేయుచు కలపకు నష్టము కలిగింపసాగెను. అపుడు అటవీశాఖవారికి ఫిషర్ జ్ఞప్తికి వచ్చెను. వెర్మాంట్ రాష్ట్రమున 1959 నుండి 1967 వరకు, మెయిన్ రాష్ట్రము నుండి 124 ఫిషర్‌లను తెచ్చి విడిచిరి. అవి స్థిరపడినవి, ముళ్ళపందులు తగ్గినవి. పశ్చిమ తీరమున వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ జాతీయవనమునకు 2008 నుండి 2010 వరకు కెనడా నుండి 90 ఫిషర్‌లను తెచ్చిరి. చర్మముకై చంపబడిన జంతువు, చెట్టుకు కావలివాడని తెలిసి మరల పిలువబడెను.

కాని ప్రమాదములు క్రొత్త రూపమున వచ్చుచున్నవి. కాలిఫోర్నియాలో చనిపోయిన 58 ఫిషర్‌ల దేహములను పరీక్షింపగా, వానిలో 46 దేహములయందు ఎలుకల మందు కనబడినదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అడవి నడుమ దొంగచాటుగా గంజాయి పండించువారు చల్లిన మందే దీనికి ముఖ్య కారణమని వారు భావించిరి. ఎలుక మందు తినును. ఎలుకను ఫిషర్ తినును. సియెరా నెవాడా పర్వతముల దక్షిణ భాగమందలి ఫిషర్‌లను 2020లో అమెరికా ప్రభుత్వము అంతరించు ప్రమాదములో నున్నవానిగా ప్రకటించెను.

నిర్వహణ సూత్రములు

పై అనుభవముల నుండి వన్యప్రాణి నిర్వహణకు కొన్ని సూత్రములు ఏర్పడినవి. అవి సంగ్రహముగా నిట్లున్నవి.

మొదటిది, వేట సాగు దేశములలో కాలమును, సంఖ్యను నిర్ణయించుట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1926 నుండి ఒక్కొక్క వేటగానికి ఒక్కొక్క అడవిభాగమును నమోదు చేయు పద్ధతి అమలులోనికి వచ్చెను. ఎవరైన పట్టవచ్చునన్న చోట, నేను విడిచినది నా పొరుగువాడు పట్టునను భయము వలన అందరును దురాశపడుదురు. ఈ భాగము నాదేయన్నచో విత్తనమును మిగుల్చుకొను రైతువలె వేటగాడు ప్రవర్తించును.

రెండవది, లెక్క తెలిసికొనుట. పట్టిన జంతువుల దంతములను కోసి చూచినచో చెట్టులోని వలయములవలె యేటేటి పొరలు కనబడును. వాని వలన వయస్సు తెలియును. విస్తారముగా తిరుగునవి గనుక మగవియు, అనుభవము లేనివి గనుక పిల్లలును ఉచ్చులలో మొదట చిక్కును. పట్టుబడిన వానిలో ముదురు ఆడజంతువుల పాలు పెరుగుచున్నదన్నచో వేట మితిమీరినదని గ్రహింపవలెను. 1670లో స్థాపింపబడిన హడ్సన్ బే కంపెనీ చర్మముల ఖాతా పుస్తకములను పరిశీలించియే చార్లెస్ ఎల్టన్, మేరీ నికల్సన్ అను శాస్త్రజ్ఞులు 1942లో, లింక్స్ అను అడవిపిల్లి సంఖ్య సుమారు పదేండ్లకొకసారి పెరిగి తరుగుచున్నదని నిరూపించిరి. గుమాస్తా వ్రాసిన పద్దులు శాస్త్రమునకు ఆధారములైనవి.

మూడవది, అడవిని నరుకు పద్ధతిని మార్చుట. మొత్తము ఒక్కసారి నరుకక అచ్చటచ్చట కొన్ని పెద్ద చెట్లను, తొర్రలున్న మోడులను, పడిన దుంగలను విడిచిపెట్టవలెను. అడవిభాగముల నడుమ చెట్లతో కూడిన నడవలను ఉంచవలెను. ఇచ్చట నిజమైన చిక్కు ఒకటి కలదు. పొడి అడవులలో ఎండిన కర్ర ఎక్కువైనచో అది దావాగ్నికి ఆహారమగును. ఆ అగ్నిలో పెద్ద చెట్లును, వాని తొర్రలును కూడ నశించును. కావున సన్నని ఎండుపుల్లలను తొలగించి, పెద్ద మోడులను, లావైన దుంగలను నిలుపుట మధ్యేమార్గము. ఎంత తీయవలెను, ఎంత ఉంచవలెను అనునది ప్రతి అడవికిని విడిగా ఆలోచింపవలసిన విషయము.

నాలుగవది, దయ. కాలిని పట్టి గంటల తరబడి హింసించు ఇనుప ఉచ్చులను ఐరోపా సమాజము 1991లో చేసిన శాసనము ద్వారా తన దేశములలో నిషేధించెను. 1997లో ఐరోపా సమాజము, కెనడా, రష్యాల నడుమ ఉచ్చుల ప్రమాణములను గూర్చి ఒడంబడిక కుదిరెను. జంతువును అసలే చంపరాదనువారును, చంపినను హింసింపరాదనువారును ఈ ఒక్క విషయమున ఏకీభవింపగలరు.

మన దేశమున

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వన్యమృగముల వేటను నిషేధించినది. కాని కోరిక యున్నచోట దొంగ వ్యాపారమును ఉండును. 2003 అక్టోబరులో టిబెట్‌లో ఒకే వాహనమున 31 పులి చర్మములు, 581 చిరుత చర్మములు, 778 నీటికుక్క చర్మములు పట్టుబడెను. పులి చర్మము పోయినదన్న లోకమంతయు ఉలికిపడును. నీటికుక్క చర్మముల సంఖ్యను చదివి ఎందరు ఉలికిపడిరి? గోదావరి సముద్రమున కలియు కోరింగ మడ అడవులలో నేటికిని నీటికుక్కలు గలవు. వానికి కావలసినవి చేపలు, శుభ్రమైన నీరు, పొదలతో కూడిన గట్టు. గట్టును సిమెంటుతో కప్పినచో ఏ వేటగాడును లేకయే అవి పోవును.

నల్లమల అడవులలోని పెద్ద ఉడుత నేలకు దిగుట అరుదు. అది కొమ్మ నుండి కొమ్మకు దుముకుచు, కొమ్మల కొసలలో గూడు కట్టుకొనును. దానికి అడవియనగా నేల గాదు, ఆకుల పందిరి. రెండు చెట్ల నడుమ ఎడము పెరిగినచో దానికి దారి తెగినట్లే. సైబీరియా సేబుల్‌కు దుంగ ఎట్లో, మన ఉడుతకు కొమ్మల కలయిక అట్లు.

మన ఆవరణలోని మోడు

చివరగా ఒక విన్నపము. మన కళాశాల వెనుకటి ప్రహరీ ప్రక్కన ఎండిపోయిన పాత చింతచెట్టు ఒకటి కలదు. దానిని కొట్టించి వంటచెరకుగా అమ్మవలెనను ప్రతిపాదన కమిటీ పెద్దల యెదుట ఉన్నదని మేము వింటిమి. ఈ వ్యాసమునకై చదువుచున్న దినములలో మేము కొందరము ఆ చెట్టు వద్ద ఉదయము, సాయంకాలము కూర్చుండి చూచితిమి. పై తొర్రలో రామచిలుకలు, దాని దిగువన గోరువంకలు, సందె చీకటిలో బయటకు తొంగిచూచు చిన్న గుడ్లగూబల జంట, వేరు మొదట ఒక ఉడుత: ఇన్ని కుటుంబములు ఆ మోడులో కాపురముండుట కన్నులార కంటిమి. పచ్చని చెట్లు మన ఆవరణలో ఎన్నో గలవు; తొర్ర గలది అదియొక్కటే.

పెద్దల భయమును మేము త్రోసివేయుట లేదు. గాలివానకు కొమ్మ విరిగి విద్యార్థి తలపై పడినచో ఆ పాపము మోయగలవారెవరు? కావున మేము కోరునది ఇంతే: బాటపైకి వాలిన కొమ్మలను కొట్టించి, మానును మాత్రము నిలువనిండు, చుట్టును ఒక చిన్న కంచె వేయింపుడు. వంటచెరకు ధర ఒక్కసారి వచ్చును, ఒక్కసారి పోవును. అటువంటి తొర్ర మరల ఏర్పడవలెనన్న మన మనుమల కాలము వరకు వేచియుండవలెను.

విద్యార్థి మిత్రులారా! ఒక నోటుపుస్తకమున ఆ చెట్టునకు వచ్చిపోవు ప్రాణుల పేర్లను, వేళలను యేడాది పొడవున వ్రాయుదము. కంపెనీ గుమాస్తాల పద్దుల నుండియే శాస్త్రము పుట్టినదని పైన చదివితిమి గదా. మన పద్దులు కూడ ఎవరికో ఒకనాడు ఉపకరింపవచ్చును. సమూర్ ధరించిన రాజులు గతించిరి. వారి కోశాగారములును గతించెను. సేబుల్ మాత్రము, పడిన మాను ఇంకను మిగిలియున్న అడవిలో, నేటికిని బ్రతికియున్నది.